రాత బాగుపడితేనే ఉత్సాహం నిలుస్తుంది: కొత్త రచయితల సమావేశంలో చేసిన ప్రసంగం

మిత్రులందరికీ నమస్కారం. ఈ సమావేశానికి ముందు మీరు రాసి ఇచ్చిన ప్రశ్నలన్నీ శ్రద్ధగా చదివాను. మాటలు వేరైనా వాటిలో ఎక్కువ భాగం ఒక్కటే ప్రశ్న. రాయాలన్న కోరిక బలంగానే ఉంటుంది, మొదలుపెట్టిన రోజుల్లో ఉత్సాహానికీ లోటుండదు, కొన్ని వారాలు గడిచేసరికి అది సన్నగిల్లిపోతుంది, దాన్ని నిలబెట్టుకోవడం ఎలా అని అడిగారు. ఇంకొందరు, రాత మెరుగుపడాలంటే ఏం సాధన చేయాలి అని అడిగారు. మీరు వీటిని రెండు వేర్వేరు ప్రశ్నలుగా అడిగారు. నేను ఇవాళ చెప్పదలచుకున్నదల్లా, ఈ రెంటికీ జవాబు ఒకే చోట ఉందని. ఉత్సాహం తగ్గిందని బాధపడుతున్న వారిని కాస్త నిదానంగా మాట్లాడించి చూడండి. వారికి రాయాలన్న కోరిక చావలేదు. తమ రాత పోయిన నెలకంటే ఈ నెల ఏ కొంచెమైనా బాగుపడిందన్న ఆనవాలు మాత్రం వారికి కనిపించడం లేదు. ఆ ఆనవాలు కంటికి కనిపించేలా పని చేయడం నేర్చుకుంటే, ఉత్సాహం కోసం విడిగా ప్రయత్నం చేయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

మరి మనలో చాలామంది ఆ ఆనవాలు ఎక్కడ వెతుకుతున్నాం? ఇతరుల మెప్పులో వెతుకుతున్నాం. మొదటి కథ అచ్చయినప్పుడు కలిగే సంతోషాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అది నిజమైన సంతోషం, ప్రతి రచయితకూ దక్కవలసిన సంతోషం. కాని దాని మీదే ఆధారపడి ఏళ్ళ తరబడి రాయగలమా? కథ పంపిన తరువాత జవాబు రావడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కసారి జవాబే రాదు. అచ్చయిన తరువాత కూడా ఎవరు చదివారో, ఎక్కడ ఆగిపోయారో, ఏ వాక్యం వారి మనసులో నిలిచిందో మనకు తెలియదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని కవితలు చాలావరకు 1930లలో రాసినవి. అవి పుస్తకంగా వెలువడింది 1950లో. మధ్యలో ఎన్ని సంవత్సరాలు గడిచాయో మీరే లెక్క వేసుకోండి. తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పిన పుస్తకానికే అంత నిరీక్షణ తప్పలేదు. కాబట్టి మెప్పు వచ్చినప్పుడు సంతోషంగా తీసుకుందాం, కాని రేపు ఉదయం మనల్ని బల్ల ముందు కూర్చోబెట్టే బాధ్యత దానికి అప్పగించవద్దు.

బల్ల ముందు కూర్చోవడం అన్నాను కనుక, ముందు వేళ గురించి చెప్పి తరువాత అసలు విషయానికి వస్తాను. మీలో ఉద్యోగాలు చేసేవారున్నారు, ఇంటి పనంతా నెత్తిన వేసుకున్నవారున్నారు, చదువుకునేవారున్నారు. సమయం లేదన్న మాట నిజమే. అది సాకు అని నేను ఎవరినీ అనను. అయితే ఆంథొనీ ట్రోలప్ అనే ఆంగ్ల నవలా రచయిత సంగతి ఒకసారి చూడండి. ఆయన తపాలా శాఖలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేస్తూనే రాశారు. మొత్తం 47 నవలలు రాశారు. తెల్లవారుజామున 5.30 గంటలకల్లా బల్ల ముందు ఉండేవారు. తనను లేపడానికే ఒక మనిషిని పెట్టుకుని, అందుకు విడిగా డబ్బు ఇచ్చేవారు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవారు. ఆయన మరణానంతరం 1883లో వెలువడిన ఆత్మకథలో ఇదంతా ఉంది. ఈ సంగతి చెప్పగానే అందరూ గడియారాన్నీ, 250 మాటలనూ గుర్తు పెట్టుకుంటారు. నేను మిమ్మల్ని గుర్తు పెట్టుకోమనేది వేరొకటి. ఆయన రోజూ రాతకు కేటాయించుకున్నది మూడు గంటలు. అందులో మొదటి అరగంట కొత్తగా ఏమీ రాసేవారు కాదు. నిన్న రాసినదాన్ని, మాటల ధ్వని చెవికి ఎలా ఉందో చూసుకుంటూ తిరిగి చదివేవారు.

ఆ అరగంట గురించి ఆలోచించండి. నిన్నటి రాతను ఇవాళ చదివిన మనిషికి, నిన్న ఎక్కడ తడబడ్డాడో కనిపిస్తుంది, ఎక్కడ బాగా వచ్చిందో కూడా కనిపిస్తుంది. ఆ రెండూ కనిపించిన తరువాత రాయడం మొదలుపెట్టడం వేరు, తెల్ల కాగితాన్ని చూస్తూ మొదలుపెట్టడం వేరు. మీకు దొరికేది రోజుకు అరగంటే కావచ్చు. అప్పుడు ఐదు నిమిషాలు చదవండి, ఇరవై ఐదు నిమిషాలు రాయండి. అమెరికన్ రచయిత హెమింగ్వే మరొక పద్ధతి చెప్పారు. తరువాత ఏం జరగబోతోందో ఇంకా తెలిసి ఉన్నప్పుడే ఆనాటి పని ఆపేయాలని. ఉన్నదంతా రాసేసి, ఖాళీ అయిపోయి లేస్తే, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి కదలాలి. ఒక సన్నివేశం సగంలో ఉండగా లేస్తే, అది పగలంతా మనసులో నడుస్తూనే ఉంటుంది. ఇది చిన్న సూచనలాగే కనిపిస్తుంది. కాని మీరు అడిగిన ప్రశ్నకు, అంటే ఉత్సాహం ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు, ఇంతకంటే సూటిగా ఉపయోగపడే సూచన నాకు తెలియదు.

ఇక సాధన. చదవండి, చదవండి అని అందరూ చెబుతారు. చదవమని మీకు నేను చెప్పనవసరం లేదు, చదవనివారు ఈ సభకు రారు. కాని ఎలా చదవాలి? కథ ఏమవుతుందో తెలుసుకోవడానికి చదివే చదువు పాఠకుడికి చాలు. రచయితకు అది చాలదు. ఈ విషయంలో నాకు తెలిసిన అత్యంత ప్రయోజనకరమైన పద్ధతి అమెరికా రాజనీతిజ్ఞుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో చెప్పుకున్నది. ఆయన అప్పటికి ఇంకా కుర్రవాడు, అన్న ముద్రణాలయంలో పని నేర్చుకుంటున్నారు. ‘స్పెక్టేటర్’ అనే పత్రిక సంపుటం ఒకటి చేతికి దొరికింది. ఆ వ్యాసాల రాత ఆయనకు ఎంతో నచ్చింది. నచ్చితే మనమైతే ఏం చేస్తాం? మెచ్చుకుని పక్కన పెడతాం. ఆయన ఒక్కొక్క వాక్యంలోని భావాన్ని క్లుప్తంగా రాసి పెట్టుకున్నారు. కొన్ని రోజులు దాన్ని అలాగే వదిలేశారు. తరువాత మూలం చూడకుండా, ఆ గుర్తుల సాయంతో ఆ వ్యాసాన్ని తన మాటల్లో పూర్తిగా రాశారు. రాసినదాన్ని మూలంతో పోల్చి, ఎక్కడ తక్కువ పడిందో చూసి దిద్దుకున్నారు. వచనాన్ని పద్యంగా మార్చి, కొంతకాలం తరువాత ఆ పద్యాన్ని తిరిగి వచనం చేశారు. గుర్తులన్నీ కలిపేసి, మళ్ళీ వాటిని సరైన క్రమంలో పెట్టడం కూడా అభ్యాసంగా చేశారు. ఏది ముందు చెప్పాలి, ఏది తరువాత చెప్పాలి అన్నది ఆ విధంగా నేర్చుకున్నారు. ఇదంతా పగటి పని అయిపోయాక రాత్రుల్లో, లేదా ఉదయం పని మొదలయ్యేలోగా.

మీకు ఇష్టమైన కథలోంచి ఒక్క పేరా తీసుకుని ఇది చేసి చూడండి. ఒక్క పేరా చాలు. వారం తరువాత మీరు రాసిన పేరానూ, మూలాన్నీ పక్కపక్కన పెట్టండి. ‘అతను కోపంతో ఊగిపోతూ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు’ అని మీరు రాసిన చోట, మూలంలో ‘తలుపు చప్పుడైంది’ అని మాత్రమే ఉండవచ్చు. అక్కడ ఆగి ఆలోచించండి. ఆ రచయిత కోపం అన్న మాట ఎందుకు వదిలేశారు? ముందున్న సంభాషణలోనే కోపం వచ్చేసింది కాబట్టి. మనిషిని చూపకుండా చప్పుడు మాత్రమే ఎందుకు వినిపించారు? ఆ గదిలో మిగిలిపోయిన రెండో మనిషి వైపు నుంచి కథ నడుస్తోంది కాబట్టి. ఇటువంటి సంగతి విమర్శ గ్రంథంలో చదివితే ఒక విషయంగా తెలుస్తుంది. మన చేత్తో రాసి, పోల్చి చూసుకున్నప్పుడు చేతికి అలవాటవుతుంది. ఇలా తయారైన పేరాను మాత్రం మీ సొంత రచనలో చేర్చవద్దు, ఎవరికీ పంపవద్దు. అది సాధన పుస్తకంలోనే ఉండాలి.

ఇప్పుడు దిద్దుకోవడం గురించి. ఇవాళ నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది దీని గురించే, ఎందుకంటే రాత బాగుపడిందన్న ఆనవాలు అన్నిటికంటే స్పష్టంగా కనిపించే చోటు ఇదే. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. తల్లి పోయిన కొన్నాళ్ళకు కూతురు ఆ ఇంటికి వచ్చింది. మొదటి చిత్తు ఇలా ఉందనుకోండి.

“తల్లి మరణంతో సుజాత శోకసముద్రంలో మునిగిపోయింది. ఇల్లంతా ఆమెకు శూన్యంగా అనిపించింది. తల్లి జ్ఞాపకాలు ఆమెను వెంటాడుతూనే ఉన్నాయి. ఆమె కన్నీరు మున్నీరుగా విలపించడం జరిగింది.”

ఇందులో తప్పేముంది? వ్యాకరణం సరిగానే ఉంది. భావం కూడా అర్థమవుతుంది. ఇది రాసినవారికి ఆ తల్లి మీద, ఆ కూతురి మీద ప్రేమ లేదని కూడా అనలేం. కాని ఈ నాలుగు వాక్యాలూ లోకంలో ఏ తల్లికైనా, ఏ కూతురికైనా సరిపోతాయి. శోకసముద్రం, కన్నీరు మున్నీరు, ఇవి మనం పుట్టకముందు నుంచీ ఉన్న మాటలు. మొట్టమొదట చేతికి అందే మాట సాధారణంగా మనకంటే ముందు ఎందరో వాడి అరగదీసిన మాటే అయి ఉంటుంది. ఇక చివరి వాక్యం చూడండి. ‘విలపించడం జరిగింది.’ ఏడవడం దానంతట అది జరగదు, ఎవరో ఒకరు ఏడుస్తారు. సభల నివేదికల్లోంచీ, వార్తల్లోంచీ ఈ ‘జరిగింది’ మన కథల్లోకి వచ్చి కూర్చుంది. మీ రచనలో ఇది ఎక్కడ కనిపించినా ఆ పని చేసిన మనిషిని వెతికి వాక్యంలోకి తీసుకురండి. ‘చెప్పడం జరిగింది’ అని ఉంటే ‘చెప్పాడు’ అనండి. సగం వాక్యాలు అక్కడికక్కడే నిటారుగా నిలబడతాయి.

అయితే మాటలు మార్చినంత మాత్రాన ఈ పేరా బాగుపడుతుందా? పడదు. ‘శోకసముద్రం’ తీసి ‘తీవ్రమైన వేదన’ అని పెడితే ఒరిగేదేమీ లేదు. ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఆ రోజు ఆ ఇంట్లో సుజాత కంటికి ఏం కనిపించింది? ఈ తల్లి ఎవరు? వయసు మీద పడిన మనిషి, ఒంటరిగా ఉండేది, రోజూ మందులు వేసుకునేది. వారంలో ఏ రోజు మాత్రలు ఆ రోజు గడిలో పెట్టుకునే డబ్బాలు ఉంటాయి, మీరు చూసే ఉంటారు. ఇప్పుడు ఇలా రాశారనుకోండి.

“మందుల డబ్బాలో గురువారం గడి దాకా ఖాళీ. శుక్రవారం మాత్రలు మూడూ ఉన్నాయి. సుజాత మూత పెట్టి, డబ్బాను ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది.”

మరణం అన్న మాట ఎక్కడా లేదు. ఆ తల్లి ఏ రోజు పోయిందో పాఠకుడే లెక్క కట్టుకుంటాడు, అలా లెక్క కట్టుకున్న క్షణంలో అతను ఆ గదిలోకి వచ్చేస్తాడు. దుఃఖం గురించి మనం ఏమీ చెప్పలేదు, కాని డబ్బాను పారేయకుండా యథాస్థానంలో ఉంచిన చేయి చెప్పింది. ఇక్కడ ఒక ప్రలోభం ఉంటుంది, జాగ్రత్తగా వినండి. ‘బరువెక్కిన గుండెతో మూత పెట్టి’ అని రాయాలనిపిస్తుంది. పాఠకుడికి అందదేమోనన్న భయం వల్ల అలా అనిపిస్తుంది. ఆ భయం సహజమే, కాని మొదటి రెండు వాక్యాలు తమ పని తాము చేశాయి. వాటి మీద నమ్మకం ఉంచి ఆ రెండు మాటలూ కొట్టేయండి.

పని అంతటితో అయిపోయిందా? ఇప్పుడు ఈ మూడు వాక్యాలనూ పైకి చదవండి. ‘మూత పెట్టి’, ‘చోటే పెట్టింది.’ పెట్టి, పెట్టింది అని ఒకే మాట రెండుసార్లు చెవికి తగిలింది. కంటితో చదివినప్పుడు ఇది కనిపించి ఉండదు. ‘డబ్బా మూసి, ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది’ అంటే సరిపోతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, వరుసగా నాలుగైదు వాక్యాలు ఒకే విధమైన క్రియతో ముగిస్తే, వచ్చింది, చూసింది, తీసింది, వెళ్ళింది అని ఒకే తాళం పడుతుంది. ఇది కన్ను పట్టుకోలేని లోపం, చెవి మాత్రమే పట్టుకోగల లోపం. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ తన వాక్యాలను గొంతెత్తి చదివి పరీక్షించుకునేవారు. ఆయన తన మొదటి ప్రసిద్ధ నవలకు 1851 నుంచి 1856 దాకా దాదాపు ఐదేళ్ళు వెచ్చించారు. మీరు అంత కాలం తీసుకోవాలని నేను అనడం లేదు, కాని ఒక్కసారి కూడా పైకి చదవని కథను ఎవరికీ పంపవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రతి చోటా మందుల డబ్బాలు వెతకవద్దు. ‘తల్లి పోయి నెలయింది’ అని సూటిగా చెప్పి ముందుకు సాగిపోవలసిన కథలు ఉంటాయి. ఆ మరణం మీ కథకు కేంద్రమా, దారిలో వచ్చే ఒక సంగతి మాత్రమేనా అన్నది మీరు తేల్చుకోవాలి. కేంద్రమైన చోట దగ్గరగా నిలబడి చూపించండి, కానిచోట ఒక్క వాక్యంలో చెప్పి దాటేయండి. అన్నీ చూపించిన కథ కూడా అన్నీ చెప్పిన కథ అంతగానూ అలసట కలిగిస్తుంది.

దిద్దుకోవడం అంటే అచ్చుతప్పులు చూసుకోవడమని అనుకునేవారికి గురజాడ అప్పారావు గారి ఉదాహరణ ఒక్కటి చాలు. ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో రంగస్థలం మీదికి వచ్చింది, 1897లో అచ్చయింది. అచ్చయిన పుస్తకాన్ని అంతటితో వదిలేయవచ్చు కదా? ఆయన వదల్లేదు. 1909లో రెండవ కూర్పు వచ్చింది. అది ఎంతగా పెరిగి, ఎంతగా మారి వచ్చిందంటే, దాన్ని మరో నాటకమే అనవచ్చు. మనం ఇవాళ చదువుతున్నది, ప్రదర్శిస్తున్నది, పాత్రల పేర్లతో సహా మన మాటల్లో కలిసిపోయింది ఆ రెండవ కూర్పే. మొదటి కూర్పు దగ్గరే ఆయన తృప్తి పడి ఉంటే మనకు ఎంత నష్టం జరిగేదో ఊహించండి. హెమింగ్వే తన ఒక నవల ముగింపును 39 సార్లు తిరగరాశానని 1958లో అచ్చయిన ఒక సంభాషణలో చెప్పారు. ఈ సంఖ్యలు విని భయపడకండి. వారికి మొదటి చిత్తు మీకు వచ్చినట్టే వచ్చిందని ఈ సంఖ్యలు మనకు చెబుతున్నాయి.

మళ్ళీ ఉత్సాహం దగ్గరికి వస్తాను. రాత బాగుపడటం కంటికి కనిపించాలి అన్నాను. ఎలా కనిపిస్తుంది? అన్ని లోపాలనూ ఒకేసారి దిద్దుకోవాలని కూర్చుంటే ఏదీ కనిపించదు, నిరుత్సాహం మాత్రం తప్పక కలుగుతుంది. నెలకు ఒక్క లోపం తీసుకోండి. ఈ నెల అరిగిపోయిన మాటలు. వచ్చే నెల సంభాషణ. మీ పాత్రలు మాట్లాడే తెలుగు నిజంగా ఆ వయసువారు, ఆ చదువువారు, ఆ బంధంలో ఉన్నవారు మాట్లాడేదేనా? భార్యాభర్తలు గాని, పాత స్నేహితులు గాని మాట్లాడుకుంటూ ఉండగా ‘నువ్వు’ అనే మనిషి ఒక్కసారిగా ‘మీరు’ అన్నాడంటే, ఆ ఒక్క మార్పు ఒక పేజీ వర్ణనకు సమానం. దాన్ని మీరు వాడుకుంటున్నారా? ఆ పై నెల కథ ప్రారంభాలు. చాలా కథలు రెండవ పేరాలోనో మూడవ పేరాలోనో మొదలవుతాయి, ముందున్నదంతా రచయిత గొంతు సవరించుకోవడమే. దాన్ని తీసేసి చూడండి.

చిత్తులు దేన్నీ పారేయవద్దు, చెరిపేయవద్దు. ప్రతిదాని మీద తేదీ వేసి దాచండి. కొన్ని నెలల తరువాత పాత చిత్తును తీసి చదవండి. అప్పుడు మీకు కనబడని లోపం ఇప్పుడు మొదటి వరుసలోనే కనబడితే, మీరు ఎదిగారు. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వనవసరం లేదు. రాస్తున్నకొద్దీ తమ రాత తమకే నచ్చకుండా పోతోందని ఇద్దరు ముగ్గురు రాశారు. దాన్ని చూసి దిగులు పడకండి. చూపు చేతికంటే ముందు పదునెక్కుతుంది, కొంతకాలం ఆ ఎడం బాధపెడుతుంది. ఆ బాధకు మందు మళ్ళీ పనే. ఆ నచ్చని కథలోంచి నచ్చని ఒక్క పేరా తీసుకుని, ఎందుకు నచ్చలేదో ఒక వాక్యంలో రాసి, ఆ ఒక్క కారణాన్నే దిద్దండి.

ఇతరులకు చూపించడం గురించి క్లుప్తంగా చెబుతాను. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు. ప్రేమతో అంటారు, కాని ఆ జవాబుతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. దానికి బదులు, చదువుతూ ఎక్కడ ఆగారు, ఎక్కడ రెండోసారి చదవవలసి వచ్చింది, పుస్తకం మూసిన తరువాత ఏ మనిషి గుర్తున్నాడు అని అడగండి. వారు చెప్పేటప్పుడు మీ ఉద్దేశం వివరించవద్దు. కథతో పాటు మీరు ప్రతి పాఠకుడి ఇంటికీ వెళ్ళలేరు కదా. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగితే అక్కడ ఏదో ఉంది. అయితే దాన్ని ఎలా దిద్దాలో వారు చెప్పినది కాక మీకు తోచినదే చేయండి. జబ్బు ఎక్కడుందో పాఠకుడు సరిగా చెప్పగలడు, చికిత్స మాత్రం రచయితే కనిపెట్టాలి.

కథ తిరిగి వస్తే? చాలాసార్లు వస్తుంది. స్థలం లేక కావచ్చు, అటువంటి కథే అంతకుముందు తీసుకుని ఉండవచ్చు, నిజంగానే కథలో బలం లేకపోవచ్చు. కారణం మనకు చెప్పరు. ఒకసారి పైకి చదివి, దిద్దవలసింది ఉంటే దిద్ది, మరొకచోటికి పంపండి. అన్నిటికంటే ముఖ్యం, అది తిరిగి వచ్చేనాటికి మీరు ఇంకో కథలో సగం దూరం వెళ్ళి ఉండాలి.

నా మాటలు ఇక్కడితో ఆపి మీ పేజీల దగ్గరికి వద్దాం. కథలు ఇచ్చినవారు వాటిలోంచి మీకు తృప్తినివ్వని ఒక్క పేరా ఎంచుకోండి. బాగా వచ్చింది వద్దు, తృప్తినివ్వనిదే కావాలి. ఎందుకు తృప్తినివ్వలేదో కింద ఒక వాక్యం రాయండి. ఇప్పటినుంచి అరగంటలో దాన్ని తిరగరాసి, రెండు రూపాలనూ తీసుకురండి. ఇద్దరిద్దరుగా కూర్చుని, రాసినవారు కాకుండా పక్కవారు పైకి చదవాలి. మీ వాక్యం మరొకరి గొంతులో ఎక్కడ తట్టుకుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి, ఆ గీతల దగ్గర చర్చ మొదలుపెడదాం.